బ్లూమింగ్టన్-నార్మల్‌లో ఇల్లు: ఇప్పుడు కొనాలా, ఇంకో ఏడాది ఆగాలా?

కొత్తగడప
నాలుగేళ్లుగా ఇల్లినాయ్ రాష్ట్రంలోని బ్లూమింగ్టన్‌లో (నార్మల్ దీని జంట ఊరు) వెటరన్స్ పార్క్‌వే దగ్గర రెండు బెడ్‌రూమ్‌ల అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. అద్దె నెలకు 1,350 డాలర్లు. పాప వచ్చే ఏడాది కిండర్‌గార్టెన్, బాబుకి పది నెలలు. మా వాడి ఏడుపు గురించి పైవాళ్లు, వాళ్ల అడుగుల చప్పుడు గురించి మేము, ఇప్పటికి లీజింగ్ ఆఫీసుకి ఎన్నిసార్లు వెళ్లామో లెక్కలేదు. పోయిన వారం తూర్పు వైపు ఒక ఇల్లు చూశాం. నాలుగు బెడ్‌రూమ్‌లు, ఫినిష్ చేసిన బేస్‌మెంట్, తూర్పు ముఖం, అడుగుతున్నది 3,20,000. మా ఆవిడ లోపల అడుగు పెట్టగానే పూజగది ఎక్కడో కూడా అనుకునేసింది.

నా సంగతి: కాంట్రాక్టర్‌ని, హెచ్1బీ (తాత్కాలిక ఉద్యోగ వీసా), ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయింది, మూడేళ్ల ఎక్స్‌టెన్షన్ మీద ఉన్నాను. డౌన్ పేమెంట్‌కి 20 శాతం ఉంది, అది కట్టేస్తే చేతిలో పెద్దగా ఏమీ మిగలదు. ఫ్రెండ్స్ ఇద్దరు డాలస్ వెళ్లిపోయారు, "ఆ ఊళ్లో కొంటే ఇరుక్కుపోతావురా" అంటున్నారు. మామగారేమో ఫోన్ చేసినప్పుడల్లా "అద్దె కట్టేదంతా వృథాయే కదా బాబూ" అంటారు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఇక్కడ కొన్నవాళ్లు, కొని అమ్ముకున్నవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

ఓరుగల్లు_వాసి
తీసుకో అన్నా. ఇదే ఇల్లు షికాగో శివార్లలో నేపర్‌విల్‌లో చూడు, ఈ డబ్బుకి టౌన్‌హోమ్ కూడా కష్టం. ఆఫీసుకి పన్నెండు నిమిషాలు, మధ్యాహ్నం ఇంటికొచ్చి తిని పోతా నేను.

ప్లేనో_పక్కిల్లు
నేను ఆ ఊళ్లో ఆరేళ్లు ఉండి 2019లో ఇటు డాలస్ వైపు వచ్చాను. కొనకండి. స్టేట్ ఫార్మ్ ఇన్సూరెన్స్ కంపెనీ హెడ్ ఆఫీసు అక్కడే ఉన్నా, డాలస్, ఫీనిక్స్, అట్లాంటా దగ్గర పెద్ద పెద్ద ఆఫీసులు పెట్టింది కదా, కొత్త టీములు చాలావరకు ఇటే. ఆ ఊళ్లో ఐటీ అంటే వేళ్ల మీద లెక్కపెట్టే కంపెనీలు. కాంట్రాక్ట్ పోతే పక్క వీధిలో ఇంకో ఉద్యోగం దొరికే ఊరు కాదది. పైగా ఇల్లినాయ్‌లో జీతం మీద 4.95 శాతం రాష్ట్ర పన్ను, టెక్సాస్‌లో అది లేదు.

లెక్కల_మాస్టారు
ముందు లెక్క చూద్దాం, ఆ తర్వాత తిట్టుకుందాం.

3,20,000లో 20 శాతం పోతే లోన్ 2,56,000. ఆరున్నర శాతం వడ్డీ, 30 ఏళ్లు అనుకుంటే నెలకు దాదాపు 1,620. ఇక ఆస్తి పన్ను. ఇల్లినాయ్‌లో మార్కెట్ విలువలో మూడో వంతు అసెస్‌మెంట్ (పన్ను లెక్కకి తీసుకునే విలువ), అంటే 1,06,667. సొంతంగా ఉంటున్నందుకు అందులో 6,000 తగ్గిస్తారు. మిగిలిన దాని మీద అన్నీ కలిపి రేటు ఎనిమిది శాతం వేసుకున్నా ఏటా 8,000 దాటుతుంది, నెలకు 670. ఇన్సూరెన్స్ ఒక 150. మొత్తం 2,440. మీ అద్దెకన్నా నెలకు 1,090 ఎక్కువ.

మొదటి నెల కట్టే 1,620లో అసలుకి పోయేది 230 డాలర్లే, మిగతాది వడ్డీ. మూడేళ్లలో తీరే అసలు 9,000 చిల్లర. మూడేళ్లకి అమ్మాల్సి వస్తే ఏజెంట్ల కమిషన్ అయిదు శాతం అన్నా 16,000. మామగారితో చెప్పండి, వడ్డీ, పన్ను, కమిషన్ కూడా వెనక్కి రాని డబ్బే.

ఓరుగల్లు_వాసి
మాస్టారూ, మీ లెక్కలో అద్దె పెరగదా? ఇంటి ధర పెరగదా? 2020లో నేను 2,15,000కి కొన్న ఇల్లు, ఇప్పుడు మా వీధిలో అదే మోడల్ 3 లక్షల పైన పోతోంది.

లెక్కల_మాస్టారు
పెరిగింది, కాదనను. 2020లో మీ వడ్డీ ఎంత? మూడు శాతం దగ్గర కదా. అప్పుడు కొన్నవాళ్ల అనుభవం ఇప్పుడు కొనేవాళ్లకి పనికిరాదు. పెరుగుతుందన్న నమ్మకంతో కాదు, పెరగకపోయినా తట్టుకోగలరా అని చూడాలి.

నార్మల్_నివాసి
పధ్నాలుగేళ్లుగా ఇక్కడ ఉన్నాను కాబట్టి కాస్త పాత కథ చెప్పాలి. ఇప్పుడు రివియన్ ఎలక్ట్రిక్ బండ్ల ప్లాంట్ ఉన్న చోట మిత్సుబిషి ఉండేది. 1988లో డైమండ్-స్టార్ పేరుతో మొదలైంది. 2015 నవంబరులో కార్ల తయారీ ఆపేశారు, వెయ్యికి పైగా ఉద్యోగాలు పోయాయి. నేను 2012లో కొన్నాను. 2016లో మిన్నెసోటాలో మంచి ఉద్యోగం వచ్చి ఇల్లు అమ్మకానికి పెట్టాను. మా వీధిలో అప్పటికే నాలుగు బోర్డులు. అయిదు నెలలు పెట్టినా కొన్న ధర రాలేదు. పది వేలు పోగొట్టుకుని అమ్మలేక, ఆ ఉద్యోగమే వదులుకున్నాను. ఆ ఏడాది ఇంట్లో మా ఇద్దరికీ ఎన్ని గొడవలో.

2017లో రివియన్ ఆ ప్లాంట్ కొంది, 2021 సెప్టెంబరులో మొదటి ట్రక్కులు బయటికొచ్చాయి. ఒక్కసారిగా ఊళ్లో ఇళ్లు చాలలేదు. అడిగిన ధర మీద పదీ ఇరవై వేలు ఎక్కువ పెట్టి, ఇన్‌స్పెక్షన్ కూడా వద్దని రాసిచ్చి కొన్నవాళ్లు ఉన్నారు. అదే ఇల్లు, అదే వీధి. అయిదేళ్లలో రెండు చివరలూ చూశాను. ఓరుగల్లు గారు చెప్పేది నిజమే, ప్లేనో గారు చెప్పేదీ నిజమే, ఎవరు ఏ ఏడాది ఇక్కడ ఉన్నారన్నదే తేడా.

ప్లేనో_పక్కిల్లు
అదే నేను అంటున్నది. ఊరి ధరలు ఒకటి రెండు కంపెనీల గేట్ల మీద ఆధారపడి ఉన్నాయి.

గోదారి_అమ్మాయి
ఒకటి రెండు అని తేల్చేయకండి. కంట్రీ ఫైనాన్షియల్ ఇన్సూరెన్స్ కంపెనీ ఉంది, రెండు ఆసుపత్రులు, ఇల్లినాయ్ స్టేట్ యూనివర్సిటీ 1857 నుంచీ ఉంది, ఫెరేరో చాక్లెట్ ప్లాంట్ పెంచారు, రివియన్ కొత్త ఆర్2 బండి కోసం ప్లాంట్ పెద్దది చేసింది. నేను ఆసుపత్రి ల్యాబ్‌లో చేస్తాను, నా పక్కన కూర్చునే వాళ్లందరికీ ఇక్కడే సొంత ఇళ్లు. మనం ఐటీ కళ్లతోనే చూస్తాం.

సీమ_బిడ్డ
కాంట్రాక్టర్ అన్నారు కాబట్టి నా కథ వినండి. 2022లో కొన్నాను. 2023 డిసెంబరులో ప్రాజెక్ట్ ఆగిపోయింది, శుక్రవారం సాయంత్రం ఫోన్. ఉద్యోగం పోతే హెచ్1బీ వాళ్లకి 60 రోజుల్లో ఇంకోటి దొరకాలన్న గడువు సంగతి మీకు తెలిసిందే. బయట మైనస్‌లలో చలి, ఇంట్లో ఇద్దరు పిల్లలు, నెల తిరిగేసరికి 2,050 కట్టాలి. యాభై రెండో రోజున ఒహాయోలో దొరికింది. భార్యాపిల్లలని ఇక్కడే వదిలి అయిదు నెలలు అక్కడ ఒక గదిలో ఉన్నాను, స్కూలు అయిపోయేదాకా.

మమ్మల్ని కాపాడింది ఏంటంటే మా ఇంటి ధర. 2,40,000కి పెట్టాం, తొమ్మిది రోజుల్లో ఆఫర్ వచ్చింది. కొన్నది ఒక టీచర్, ఆమె భర్త ప్లంబర్. అదే నెలలో నా ఫ్రెండ్ అయిదు లక్షల ఇల్లు పెట్టాడు, ఇటాలియన్ మార్బుల్, థియేటర్ గది, అన్నీ ఉన్నాయి. నాలుగు నెలలు ఒక్కరూ రాలేదు. ఆ ధరకి ఆ ఊళ్లో కొనేది మనలాంటి జంట ఉద్యోగాల వాళ్లే, వాళ్లూ అప్పుడే ఊరు వదులుతున్నారు. ఆ ఊరి టీచరు, నర్సు, కౌంటీ ఆఫీసు ఉద్యోగి కొనగలిగే ఇల్లు కొనండి. మనవాళ్లు మాత్రమే కొనే ఇల్లు కొనకండి.

లెక్కల_మాస్టారు
సీమ_బిడ్డ గారి ఆఖరి రెండు వాక్యాలు నా లెక్కంతటికన్నా విలువైనవి.

మంచులో_మల్లె
అద్దెకిచ్చి వెళ్లొచ్చు కదా అని ఎవరైనా అంటారేమో, ముందే చెప్తున్నా. మేము వెళ్లేటప్పుడు అదే చేశాం. సొంతంగా ఉండటం మానేయగానే ఆ 6,000 తగ్గింపు పోతుంది, ఇన్సూరెన్స్ మార్చాలి, మేనేజ్‌మెంట్ వాళ్లకి అద్దెలో పది శాతం. జనవరిలో ఫర్నేస్ ఆగిపోయిందని రాత్రి రెండింటికి ఫోన్. వెయ్యి మైళ్ల దూరంలో కూర్చుని చేసే పని కాదు.

కొత్తగడప
అందరికీ థాంక్స్. సీమ_బిడ్డ గారూ, మీ పోస్ట్ మా ఆవిడకి చదివి వినిపించాను, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇంకో సందేహం. డౌన్ పేమెంట్ తగ్గించి ఎఫ్‌హెచ్ఏ లోన్ (ప్రభుత్వ హామీ ఉండేది) తీసుకుంటే చేతిలో డబ్బు ఉంటుంది కదా? మా లోన్ ఆయన ఏదీ సరిగ్గా చెప్పడం లేదు.

గోదారి_అమ్మాయి
హెచ్1బీకి ఎఫ్‌హెచ్ఏ ఇప్పుడు లేదండీ. 2025 మే 25 నుంచి గ్రీన్ కార్డు, సిటిజన్‌షిప్ ఉన్నవాళ్లకే. కన్వెన్షనల్ లోన్ (ప్రభుత్వ హామీ లేని మామూలు లోన్) దొరుకుతుంది, 20 శాతం కన్నా తక్కువ పెడితే పీఎంఐ (లోన్ ఇచ్చినవాళ్ల రక్షణకి మనం కట్టే ఇన్సూరెన్స్) పడుతుంది. ఇప్పటికీ ఎఫ్‌హెచ్ఏ చేద్దాం అంటున్నారంటే ఆ లోన్ ఆయన్ని మార్చేయండి.

లెక్కల_మాస్టారు
పీఎంఐ అంటే భయపడకండి. 10 శాతం పెట్టి, ఆరు నెలల ఖర్చు బ్యాంకులో ఉంచుకోవడం, 20 పెట్టి చేతులు ఖాళీ చేసుకోవడం కన్నా మేలు. మీది 60 రోజుల బతుకు అని మర్చిపోవద్దు.

పల్నాటి_రైతుబిడ్డ
ఫినిష్ చేసిన బేస్‌మెంట్ అన్నారు కదా. ఎప్పుడు ఫినిష్ చేశారు? కొత్త పెయింట్ వాసన వస్తోందా? సంప్ పంప్ (బేస్‌మెంట్ గుంటలో చేరే నీళ్లని బయటికి తోడే మోటారు) ఎక్కడ ఉంది, మూత తీసి చూశారా?

ఎందుకు అడుగుతున్నానంటే, మాది పొలం పనుల ఇల్లు, నేల చూడగానే చెయ్యి పెట్టి చూడటం అలవాటు. ఇక్కడి మట్టి నల్లగా ఉంది కదా అని మన రేగడి అనుకోకండి. ఈ జిల్లాల్లో ఎక్కువగా ఉండేది డ్రమ్మర్ అనే నేల, ఇల్లినాయ్ రాష్ట్ర మృత్తిక కూడా అదే. మొక్కజొన్నకి, సోయాకి బంగారం. నీళ్లు మాత్రం దిగవు. ఒకప్పుడు ఇదంతా తడినేల, పొలాల కింద గొట్టాలు పరిచి నీళ్లు బయటికి లాగితేనే సేద్యం అయింది. ఇప్పుడా పొలాల్లోనే వెంచర్లు వేశారు. మీ బేస్‌మెంట్ అంటే ఆ తడినేలలో ఎనిమిది అడుగుల గొయ్యి. ఏప్రిల్, మే వానలకి మా సంప్ పంప్ మూడు నిమిషాలకోసారి తిరుగుతుంది. గాలివానకి కరెంటు పోయేది కూడా అప్పుడే. బ్యాటరీ బ్యాకప్ లేకపోతే పంప్ ఉన్నా లేనట్టే.

ఓరుగల్లు_వాసి
బేస్‌మెంట్ లేని ఇల్లు కొంటే సరిపోతుంది కదా.

పల్నాటి_రైతుబిడ్డ
టోర్నడో వస్తే ఎక్కడ దూరతావు తమ్ముడూ? 2013 నవంబరు 17, ఆదివారం. పియోరియా పక్కన వాషింగ్టన్ ఊరు, మనకి నలభై మైళ్లు. ఈఎఫ్-4 టోర్నడో వందల ఇళ్లు చదును చేసింది. బేస్‌మెంట్‌లో దాక్కుని బతికినవాళ్లు ఎందరో. బేస్‌మెంట్ ఉండాలి, పొడిగా ఉండాలి.

మంచులో_మల్లె
టోర్నడో అంటే సైరన్ గుర్తొచ్చింది. నెలలో మొదటి మంగళవారం పొద్దున పదింటికి టెస్ట్ చేస్తారు. మా అత్తగారు వచ్చిన కొత్తలో చెప్పడం మర్చిపోయాను. నేను ఆఫీసులో. ఆవిడ పాపని చంకనేసుకుని, దేవుడి పటం పట్టుకుని బాత్రూమ్‌లో కూర్చున్నారు, అరగంట బయటికి రాలేదు. అమ్మానాన్నలు వచ్చినవాళ్లు మొదటి రోజే చెప్పండి.

నార్మల్_నివాసి
2021 జూన్ ఆఖరులో బ్లూమింగ్టన్‌లో కురిసిన వాన గుర్తుందా ఎవరికైనా? ఊరి పాత భాగంలో వాననీళ్లు, మురుగు ఒకే గొట్టంలో పోతాయి. ఆ రాత్రి గొట్టాలు నిండి బేస్‌మెంట్ల డ్రెయిన్లలోంచి పైకి తన్నాయి. మా స్నేహితుడి పుస్తకాలు, పెళ్లి ఆల్బమ్ అన్నీ పోయాయి. ఇన్సూరెన్స్‌కి ఫోన్ చేస్తే "సీవర్ బ్యాకప్ రైడర్ (మురుగు వెనక్కి తన్నితే పనికొచ్చే అదనపు కవర్) తీసుకోలేదు కదా" అన్నారు. మామూలు పాలసీలో అది ఉండదు, వరద అయితే అసలు పాలసీనే వేరు. ఏడాదికి ఎక్కువేం కాదు, తప్పకుండా తీసుకోండి.

పియోరియా_పడవ
రాడాన్ అనే వాయువుకి టెస్ట్ చేయించండి. ఇల్లినాయ్ అంతటా ఉన్న సమస్యే. కంటికి కనపడదు, వాసన ఉండదు, నేలలోంచి బేస్‌మెంట్‌లోకి వస్తుంది, ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి కారణం అవుతుంది. లీటరుకు 4 పికోక్యూరీలు దాటితే పైపు, ఫ్యాన్ పెట్టించాలి. మాది 9 వచ్చింది. 1,300 అయింది, ఇప్పుడు 1 లోపు. అమ్మేవాళ్లనే పెట్టించమని అడగవచ్చు.

గోదారి_అమ్మాయి
వంటింట్లో హుడ్ గాలిని బయటికి పంపుతుందో, ఫిల్టర్‌లోంచి మళ్లీ మన ముఖం మీదికే ఊదుతుందో చూడండి. ఇక్కడ చాలా ఇళ్లలో మైక్రోవేవ్ కింద ఉండేది రెండో రకం. నవంబరు నుంచి మార్చి దాకా కిటికీ తీయలేం. చేపల పులుసు చేసిన రోజు కోట్లకి పట్టిన వాసన ఆఫీసు దాకా వస్తుంది. స్టవ్ బయటి గోడకి ఆనుకుని ఉంటే గొట్టం పెట్టించడం తేలిక, మధ్యలో ఐలాండ్ మీద ఉంటే కష్టం.

సీమ_బిడ్డ
ఇంటి చుట్టూ ఎంతసేపు తిరిగినా ఈ సంగతి తట్టదు, అనుభవం మీదే తెలుస్తుంది. మంచి మాట చెప్పారు.

ఓరుగల్లు_వాసి
తూర్పు ముఖం సంగతి ఎవరూ మాట్లాడలేదు. అది దొరకడం అదృష్టం. అమ్మేటప్పుడు మనవాళ్లు దానికోసమే ఎక్కువ పెడతారు.

మంచులో_మల్లె
మనవాళ్లు మాత్రమే పెడతారు. పైన సీమ_బిడ్డ గారు చెప్పింది మళ్లీ చదవండి. నాకూ వాస్తు మీద నమ్మకం ఉంది, కాదనను. ఏడాదిలో అమ్మకానికి వచ్చే కొద్ది ఇళ్లలో తూర్పు ఒక్కటే చూస్తే ఎన్ని మిగులుతాయి? మాది దక్షిణం. డ్రైవ్‌వే మీద మంచు ఎండకి దానంతటదే కరుగుతుంది, ఎదురింటి వాళ్లది ఉత్తరం, మార్చి దాకా గాజు పలకే. వాళ్లాయన జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు.

ఓరుగల్లు_వాసి
అక్కా, మా అమ్మకి దక్షిణ ముఖం ఇల్లు అని చెప్పే ధైర్యం నాకు లేదు. మా ఇంట్లో అది దాటని గీత.

పల్నాటి_రైతుబిడ్డ
ఇంటి వెనకాల పొలం ఉందా? చూడటానికి బాగుంటుంది. అక్టోబరులో కోత యంత్రాలు దిగితే వారం రోజులు ఇల్లంతా దుమ్ము, పిల్లలకి ఆస్తమా ఉంటే ఆలోచించుకోండి. ఆ పొలం రేపు ఏమవుతుందో ఊరి ప్లానింగ్ ఆఫీసులో అడిగితే చెప్తారు. నేను మాత్రం పొలం పక్కనే కొన్నాను. జూన్‌లో గోంగూర, బెండ వేస్తే ఆగస్టుకి వీధంతా పంచుతాం. ఈ నేలకి ఎరువు కూడా అక్కర్లేదు.

గోదారి_అమ్మాయి
మీ గోంగూర నాకు ఒకసారి కూడా రాలేదు, మనం ఒకే ఊళ్లో ఉన్నాం అన్నయ్యా.

పల్నాటి_రైతుబిడ్డ
ఆగస్టులో గుడి దగ్గరికి సంచి తెచ్చుకో చెల్లమ్మా, నింపి పంపిస్తా.

ప్లేనో_పక్కిల్లు
కొత్తగడప గారూ, ఎంత బేస్‌మెంట్ చూసినా ఊరి సంగతి మారదు. డాలస్‌లో అయితే పిల్లలకి తెలుగు బడి, సంగీతం, కూచిపూడి, అన్నీ పది నిమిషాల్లో. అక్కడ మంచి కిరాణా కోసం, దోశ కోసం నేపర్‌విల్ దాకా రెండు గంటలు. అరోరా బాలాజీ గుడికి వెళ్లాలంటే ఒక రోజు పోతుంది.

నార్మల్_నివాసి
ఇండియన్ స్టోర్లు ఇక్కడా ఉన్నాయి, గుడి ఉంది, ఉగాదికి హాలు పట్టనంత జనం. డాలస్‌లో పది నిమిషాలు అంటున్నారు, ఆ హైవేల మీద సాయంత్రం ఆరింటికి పది నిమిషాల్లో ఏం వస్తుందో మా తమ్ముడిని అడగండి, అతనూ అక్కడే. మా పాప సైకిల్ మీద కాన్‌స్టిట్యూషన్ ట్రెయిల్ పట్టుకుని లైబ్రరీకి ఒక్కతే వెళ్లొస్తుంది. పాత రైలు పట్టాలు తీసేసి వేసిన దారి అది, బండ్లు ఉండవు. షికాగో వెళ్లాలంటే అప్‌టౌన్ స్టేషన్‌లో రైలెక్కితే రెండు గంటల చిల్లర. ఊరు చిన్నదన్న మాట నిజం. నాకు అదే కావాలి.

మంచులో_మల్లె
ఒంటరితనం కూడా నిజమేనండీ. నాకు అక్కడ మొదటి రెండు చలికాలాలు ఎవరూ లేరు. నాలుగున్నరకే చీకటి. పిల్లాడితో ఇంట్లోనే. కొనేముందు మీ ఆవిడకి ఆ ఊళ్లో ఒక ముగ్గురైనా మనుషులు ఉన్నారా అని చూసుకోండి. ఇల్లు కొన్నాక దూరం వెళ్తే అపార్ట్‌మెంట్‌లో ఉన్న ఆ కాస్త పలకరింపు కూడా పోతుంది.

కొత్తగడప
ఆవిడకి ఇక్కడ బాగానే ఉంది, నిజానికి డాలస్ వద్దంటున్నది తనే. పాప డే కేర్‌లో ఇద్దరు తల్లులు తనకి బాగా దగ్గర.

స్కూళ్ల సంగతి ఎవరైనా చెప్తారా? యూనిట్ 5, డిస్ట్రిక్ట్ 87 అని రెండు స్కూల్ డిస్ట్రిక్ట్‌లు అంటున్నారు, ఏది?

గోదారి_అమ్మాయి
నార్మల్, బ్లూమింగ్టన్ తూర్పున కొత్త వెంచర్లు చాలావరకు యూనిట్ 5. బ్లూమింగ్టన్ పాత ఊరు 87. చిరునామా బ్లూమింగ్టన్ అని ఉన్నా స్కూలు యూనిట్ 5 కావచ్చు, ఇంటింటికీ చూసుకోవాలి. మా పిల్లలు 87లో చదివారు, నాకే లోటూ కనపడలేదు. వెబ్‌సైట్లలో పదికి ఎన్ని అని చూసి భయపడకండి, స్కూలుకి వెళ్లి ప్రిన్సిపాల్‌తో మాట్లాడండి.

నార్మల్_నివాసి
యూనిట్ 5 డబ్బు కష్టాల్లో పడి పన్ను పెంపుకి ఓటింగ్ పెడితే 2022 నవంబరులో ఓడిపోయింది. 2023 ఏప్రిల్‌లో మళ్లీ పెట్టి గెలిచారు. మన పన్నులో సింహభాగం పోయేది స్కూలుకే. ఓటు లేని మనం కూడా ఆ మీటింగులకి వెళ్లి కూర్చోవచ్చు, నేను వెళ్లాను.

సీమ_బిడ్డ
పన్ను గురించి ఇంకొకటి. ఇక్కడ ఈ ఏడాది కట్టేది పోయిన ఏడాది పన్ను. కొనేటప్పుడు అమ్మేవాళ్లు తాము ఉన్న రోజులకి క్లోజింగ్‌లో (ఇల్లు చేతులు మారే రోజున) క్రెడిట్ ఇవ్వాలి, అది మిగులు డబ్బు అనుకుని సోఫాలు కొనకండి, జూన్‌లో, సెప్టెంబరులో బిల్లు వస్తుంది. కొత్తగా కట్టిన ఇల్లయితే మరీ జాగ్రత్త. మా పక్కాయనకి మొదటి ఏడాది ఖాళీ స్థలం పన్నే వచ్చింది, తక్కువే అనుకున్నాడు. రెండో ఏడాది ఇల్లు కూడా లెక్కలోకి వచ్చి, ఎస్క్రోలో (పన్ను, ఇన్సూరెన్స్ కోసం కిస్తీతో పాటు తీసి ఉంచే ఖాతాలో) లోటు పడి, నెల కిస్తీ ఒక్కసారిగా 700 పెరిగింది.

లెక్కల_మాస్టారు
లాయర్‌ని పెట్టుకోండి. ఇల్లినాయ్‌లో అది ఆనవాయితీ, కొన్ని వందల్లో పని. ఒప్పందం మీద సంతకం పెట్టాక లాయర్ చూసే కొద్ది రోజుల గడువు ఉంటుంది, ఇన్‌స్పెక్షన్‌లో తేలినవి అప్పుడే అడగాలి. అలాగే 2024 ఆగస్టు నుంచి ఇల్లు చూపించే ముందే ఏజెంట్‌తో కాగితం రాసుకోవాలి. కమిషన్ ఎంత, ఎన్నాళ్లకి అన్నది చదివి సంతకం పెట్టండి. మూడు నెలలకి మించి రాయకండి.

కొత్తగడప
నిన్న రాత్రి వాన పడింది కదా, పల్నాటి గారి మాట గుర్తుపెట్టుకుని పొద్దున్నే ఆ ఇల్లు రెండోసారి చూడటానికి వెళ్లాం. బేస్‌మెంట్‌లో ఫర్నేస్ వెనకాల, పెయింట్ వేయని గోడ మీద మోకాలి ఎత్తున తెల్లటి ఉప్పులాంటి పొర ఉంది. కార్పెట్ కింద చెయ్యి పెడితే చల్లగా, తడిగా ఉంది. సంప్ పంప్‌కి బ్యాకప్ లేదు. ఎప్పుడైనా నీళ్లు వచ్చాయా అని ఏజెంట్‌ని అడిగితే "ఓనర్లు అలాంటిదేమీ రాయలేదు" అన్నారు. మా ఆవిడే బయటికి నడిచింది. కారులో కాస్త ఏడ్చింది కూడా.

పల్నాటి_రైతుబిడ్డ
ఆ తెల్లపొర నీళ్లు గోడలోంచి వచ్చి ఆరిపోయిన గుర్తు. చెల్లమ్మకి చెప్పండి, ఈ రోజు ఏడుపు చిన్నది. కొన్నాక అయితే ముప్పై వేల ఏడుపు.

సీమ_బిడ్డ
వదిలేసి మంచి పని చేశారు. ఏప్రిల్, మే నెలల్లో ఇంకా చాలా ఇళ్లు వస్తాయి.

ఓరుగల్లు_వాసి
నేను మొదటే తీసుకో అన్నాను. వెనక్కి తీసుకుంటున్నా అన్నా. మా ఇల్లు కొన్నప్పుడు నేనేమీ చూడలేదు, ఇప్పుడే కిందకెళ్లి ఫర్నేస్ వెనకాల టార్చ్ వేసి చూసొచ్చా. పొడిగానే ఉంది.

కొత్తగడప
అయిదు వారాల తర్వాత రాస్తున్నాను. నార్మల్‌లో 1994లో కట్టిన ఇల్లు, మూడు బెడ్‌రూమ్‌లు, 2,65,000. బేస్‌మెంట్ ఫినిష్ చేయలేదు, గోడలన్నీ కనిపిస్తున్నాయి, పొడిగా ఉన్నాయి. రూఫ్ వడగళ్లకి పోతే 2020లో మార్చారట, కాగితాలు చూపించారు. పడమర ముఖం. మామగారు రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు తనే ఫోన్ చేసి "పడమర కూడా మంచిదేనని మా పంతులుగారు అన్నారు" అన్నారు. రాడాన్ 6.8 వచ్చింది, అమ్మేవాళ్లు పైపు పెట్టించడానికి ఒప్పుకున్నారు. ఇద్దరు ఓనర్లూ స్కూల్లో పనిచేసి రిటైరైన వాళ్లు.

మాస్టారూ, 15 శాతం పెడుతున్నాను. పీఎంఐ నెలకు 70 చిల్లర. అన్నీ కలిపి నెలకు 2,200 లోపు. ఏడు నెలల కిస్తీలు బ్యాంకులో పక్కన పెట్టాం, దాన్ని ముట్టుకోకూడదని ఇద్దరం అనుకున్నాం.

లెక్కల_మాస్టారు
బాగుంది. ఆ ఏడు నెలల డబ్బుతో ఫర్నిచర్ కొనొద్దు, అంతే.

ప్లేనో_పక్కిల్లు
నా మాట వినలేదు గానీ సంతోషంగా ఉంది. సీవర్ బ్యాకప్ రైడర్ మర్చిపోకండి. ఎప్పుడైనా ఇటు రావాల్సి వస్తే మా ఇంట్లో ఒక గది ఖాళీగానే ఉంది, నిజంగా చెప్తున్నా.

కొత్తగడప
రైడర్ తీసుకున్నానండీ. మీ మాట గుర్తుంచుకుంటాను.

క్లోజింగ్ 18న. ఆ ఆదివారమే పాలు పొంగిద్దాం అంటోంది మా ఆవిడ. స్టవ్ ఎలక్ట్రిక్. హోమం చేయించినవాళ్లు ఎవరైనా ఉన్నారా, పొగ అలారంలు ఎలా?

మంచులో_మల్లె
హోమం గరాజ్‌లో పెట్టుకోండి, తలుపు పూర్తిగా తెరిచి. కార్లు ముందే బయటికి తీసేయండి. లోపల గణపతి పూజ, పాలు మాత్రం. ఎలక్ట్రిక్ స్టవ్ మీద పాలు పొంగి కాయిల్ మీద పడితే మాడి పొగ వస్తుంది, అడుగు వెడల్పు గిన్నె పెట్టి సగమే పోయండి. అలారంలు తీసేయకండి, ఒకరిని తువ్వాలుతో కింద నిలబెట్టండి.

పల్నాటి_రైతుబిడ్డ
ఆ నిలబడేది నేను. గోంగూర నారు కూడా తెస్తాను, ఎండ పడే మూల చూసి ఉంచండి.